గంజాయి వ్యసనానికి ప్రవర్తనా చికిత్స

గంజాయి అలవాటు ముదిరిన మనిషిని మాటలతో, సాధనతో, ఇంటివాళ్ల తోడ్పాటుతో ఆ అలవాటు నుంచి బయటికి తెచ్చే పద్ధతులన్నిటినీ కలిపి ప్రవర్తనా చికిత్స అంటారు. సారాయి, నల్లమందు మాన్పించడానికి డాక్టర్ల చేతిలో కొన్ని మందులున్నాయి. గంజాయి మాన్పించే మందుగా ఆమోదం పొందినది ఇంతవరకూ లేదు. నిద్ర పట్టకపోతే, ఆందోళన ఎక్కువైతే కొన్నాళ్లు మాత్రలు రాస్తారు. అవి తోడు మందులు మాత్రమే. అసలు వైద్యం రోగితో కూర్చుని మాట్లాడటమే. ‘మాటలతో మత్తు వదులుతుందా’ అని మన ఊళ్లలో చాలామంది తీసిపారేస్తారు. వదులుతుందని గత నలభై ఏళ్ల పరిశోధన చెబుతోంది. ఎంతమేరకు వదులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా అదే చెబుతోంది.

చిత్తూరు జిల్లా నగరి ఈ చికిత్స చరిత్రను దగ్గరగా చూడవలసిన ఊరు. తిరుపతి నుంచి చెన్నైకి వెళ్లే దారిలో, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న మరమగ్గాల పట్టణం ఇది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పటి నుంచి పక్కనున్న ఆ ఊరికి వెళ్లాలన్నా రాష్ట్రం దాటాలి. ఉత్తరాంధ్ర మన్యంలో పండే గంజాయి చెన్నై వైపు సాగే దారుల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతం ఒకటి. సరుకు పోయే దారి పొడుగునా కొంత అక్కడే రాలుతుంది. దాన్ని పట్టుకోవడం పోలీసుల పని. రాలినదానికి అలవాటుపడిన కుర్రవాడిని ఎవరు, ఎలా ఆదుకోవాలన్నది ఈ వ్యాసం విషయం.

కట్టడి కాలం

గంజాయి వాడకంపై తొలి పెద్ద విచారణ మన దేశంలోనే జరిగింది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవారికి పెద్దగా హాని లేదని, అతిగా వాడితే హాని తప్పదని తేల్చింది. ఆ నివేదికలో నేటికీ పనికొచ్చే భాగం పిచ్చాసుపత్రుల రికార్డుల పరిశీలన. రోగి పేరు పక్కన ‘కారణం: గంజాయి’ అని రాసినచోట చాలాసార్లు ఎవరూ సరిగా విచారించలేదని, పోలీసులు చెప్పిందే రాసుకున్నారని కమిషన్ కనిపెట్టింది. అయితే మానాలనుకునేవాడికి ఏం చేయాలన్న ప్రశ్న ఆ ఏడు సంపుటాలకూ ముఖ్యం కాలేదు. 1939లో ఆర్.ఎన్. చోప్రా, జి.ఎస్. చోప్రా భారతదేశంలో గంజాయి వ్యసనంపై పెద్ద అధ్యయనం ప్రచురించేనాటికి కూడా చికిత్స అంటే ఆసుపత్రిలో ఉంచి, సరుకు అందకుండా చూడటమే.

1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. గంజాయి దేశమంతటా నిషిద్ధమైంది, ఆకుతో చేసే భంగు మాత్రం రాష్ట్రాల ఇష్టానికి మిగిలింది. శిక్షల గురించి అందరికీ తెలిసిన ఈ చట్టంలో తక్కువమందికి తెలిసిన తలుపులు రెండున్నాయి. సెక్షన్ 39 ప్రకారం కోర్టు వ్యసనపరుణ్ణి జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. సెక్షన్ 64ఎ ప్రకారం, వాడకం కేసులోగానీ కొద్ది మొత్తం దొరికిన కేసులోగానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు భయంతో కొడుకును ఇంట్లో దాచుకునే తల్లిదండ్రులకు ఈ రెండు సెక్షన్ల సంగతి స్టేషన్‌లోనే చెప్పాలి.

సియాటిల్‌లో మొదలైన మాట

గంజాయి కోసమే ప్రవర్తనా చికిత్సను రూపొందించి పరీక్షించిన తొలి పని అమెరికాలో, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడి అలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో ‘తిరిగి జారకుండా చూసుకోవడం’ అనే పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. మానడం ఒక ఎత్తు, మానినదాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు అన్నది దాని సారం. మనిషిని తిరిగి లాగే వేళలు, చోట్లు, స్నేహాలు, మనఃస్థితులు ఏవో ముందే రాసుకుని, ఒక్కోదానికి ఏం చేయాలో సాధన చేయించడం దాని పద్ధతి. రాత్రి షిఫ్టు దిగిన మగ్గం కార్మికుడికి బీడీ బంకు దగ్గర పాత జతగాళ్లు ఎదురైతే ఏమనాలి, ఏ దారిన ఇంటికి పోవాలి అన్నంత చిన్న వివరం దాకా ఇది వెళ్తుంది. ఒక్కసారి జారితే అంతా పోయిందని అనుకోనివ్వదు.

అదే సియాటిల్‌లో రోజర్ రాఫ్‌మన్, రాబర్ట్ స్టీఫెన్స్ ఈ పద్ధతిని గంజాయి మానాలనుకునే 212 మందిపై పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి ఈ పద్ధతి, సగం మందికి ఒకరికొకరు తోడుండే బృంద చర్చలు. రెండు వైపులా వాడకం తగ్గింది, రెండింటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తమ పద్ధతే గెలవాలని కోరుకునే పరిశోధకులకు అది చేదు ఫలితం. అయినా దాచకుండా ప్రచురించారు. ఈ రంగం నమ్మదగినదిగా ఎదగడానికి అలాంటి నిజాయితీ పునాది వేసింది.

ఈ చికిత్సలో రెండో పాయ మనస్తత్వవేత్త విలియం మిల్లర్‌ది. 1983లో ఆయన మద్యపానం గురించి రాసిన వ్యాసంలో, స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో తెచ్చిన పుస్తకంలో ‘ప్రేరణాత్మక సంభాషణ’ రూపు దిద్దుకుంది. మందలింపు, బెదిరింపు, ఒట్టు వేయించుకోవడం ఇందులో ఉండవు. మానడానికి కారణాలు రోగి నోటి నుంచే రావాలి. ‘తాగితే నీకేం బాగుంటాది నాయనా?’ అని కౌన్సెలర్ అడిగితే కుర్రవాడు తడబడతాడు, ఎందుకంటే ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. బాగున్నది చెప్పాక బాగోలేనిది తనంత తానే చెబుతాడు. చేయాలనుకున్నదానికీ చేస్తున్నదానికీ మధ్య ఎంత దూరమో అతనికే కనబడుతుంది. ‘పెళ్లి చేస్తే దారికొస్తాడు’ అని పిల్లను వెతికే పెద్దలున్న మన ఊళ్లలో ఈ పద్ధతి ఎంతో అవసరం.

ఈ రెండు పాయలూ కలిసిన పెద్ద పరీక్ష ఫలితం 2004లో వచ్చింది. సియాటిల్, ఫార్మింగ్టన్, మయామి కేంద్రాల్లో 450 మంది పెద్దవాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు తొమ్మిది విడతల చికిత్స, ఒక జట్టుకు రెండు విడతల ప్రేరణ, మూడోదానికి కొన్ని నెలల నిరీక్షణ. రెండు విడతలు నిరీక్షణ కన్నా మేలు చేశాయి, తొమ్మిది విడతలు వాటికన్నా మేలు చేశాయి. అదే ఏడు 600 మంది కౌమారులపై జరిగిన మరో అధ్యయనం కుటుంబ చికిత్సతో సహా ఐదు పద్ధతులను పోల్చింది. అన్నీ ఉపయోగపడ్డాయి.

అమెరికాలోనే వెర్మాంట్‌లో అలన్ బడ్నీ బృందం ఇంకో దారి పట్టింది. మూత్రపరీక్షలో గంజాయి కనబడకపోతే వోచరు ఇస్తారు, దానితో పనికొచ్చే వస్తువులు కొనుక్కోవచ్చు. వరసగా శుభ్రంగా వచ్చే కొద్దీ విలువ పెరుగుతుంది, ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి దిగుతుంది. 2000లో 60 మందిపై, 2006లో 90 మందిపై చేసిన పరీక్షల్లో చికిత్స జరిగినన్నాళ్లూ వోచర్లు బాగా పనిచేశాయి. వాటికి ఆలోచనా సరళిని దిద్దే చికిత్స (ఆలోచనా ప్రవర్తనా చికిత్స) జోడిస్తేనే ఆ తర్వాత కూడా నిలకడ మెరుగైంది. రోజూ తాగినవాడి ఒంట్లో గంజాయి జాడ కొవ్వులో దాగి వారాల తరబడి మూత్రంలో కనబడుతుంది కాబట్టి, మొదటి రోజుల పరీక్ష చూసి అబద్ధమాడాడని నిందించడం అన్యాయం. ఇంట్లోవాళ్లు మెడికల్ షాపులో కిట్టు కొని చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

గంజాయి మానితే ఒంటికి బాధ ఏమీ ఉండదన్న పాత నమ్మకమూ ఈలోగా చెదిరింది. చిరాకు, నిద్రలేమి, పీడకలలు, అన్నం సయించకపోవడం మానిన ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, తొలివారంలో తీవ్రమై, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని అధికారికంగా రోగలక్షణ సముదాయంగా గుర్తించింది. 2016లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 23 పరీక్షలను, 4,045 మందిని కలిపి చూసింది. ప్రేరణ, ఆలోచనా ప్రవర్తనా చికిత్సల జోడికే గట్టి ఆధారాలున్నాయంది. పూర్తిగా మానేవారికన్నా తగ్గించేవారే ఎక్కువనీ, తొమ్మిది నెలల తర్వాత ఫలితం నిలుస్తుందో లేదో స్పష్టం కాలేదనీ చెప్పింది.

మన వైపు

దక్షిణాదిలో వ్యసన చికిత్సకు నగరివాళ్లకు అందే దూరంలో గొప్ప చోట్లే ఉన్నాయి. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీకే సంస్థ మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలను మొదటి నుంచీ ఇంటిల్లిపాదికీ సంబంధించిన జబ్బుగా చూసింది. పల్లెల్లో శిబిరాలు పెట్టి, మనిషిని తన ఊరివాళ్ల మధ్యే మాన్పించే పద్ధతినీ నడిపింది. వేలూరు సీఎంసీ 1957లో బాగాయంలో తెరిచిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండాలి. పాశ్చాత్య దేశాల్లో కుటుంబ చికిత్సను ప్రత్యేక పద్ధతిగా కట్టుకుంటూ వస్తే, ఇక్కడ అమ్మ వండిపెడుతూ, అన్న పక్కన కూర్చుంటూ చికిత్స సాగింది. ఈ అనుభవానికి తగిన పేరు రాలేదని చెప్పక తప్పదు.

అవసరమెంతో 2019లో ఢిల్లీ ఎయిమ్స్ జాతీయ సర్వే చూపింది. దేశంలో ఏడాదిలో గంజాయి, చరస్, భంగులలో ఏదో ఒకటి వాడినవారు దాదాపు 3.1 కోట్లు. వారిలో సుమారు 72 లక్షల మందికి సాయం కావాలి. తెలుగునాట మాత్రం అందరి దృష్టీ సరుకు మీదే నిలిచింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాదకద్రవ్యాల కట్టడికి ఈగల్ దళాన్ని, 1972 అనే ఫోను నంబరును తెచ్చింది. కోడూరు మంట ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. గంజాయి మానిన ఒక్క కుర్రవాడికి కూడా అంత చోటు దొరకదు.

మన దగ్గర చికిత్సకు అదనంగా ఒక చిక్కుంది. గంజాయిని ఎక్కువగా బీడీ, సిగరెట్ పొగాకులో కలిపి తాగుతారు. పొగాకును వదిలేసి గంజాయినే మాన్పించబోతే ప్రతి బీడీ పాత అలవాటును తట్టిలేపుతుంది. రెండింటినీ కలిపే ఎత్తుకోవాలి.

చిన్న ఊళ్లకు ఆశ కలిగించే ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అసిస్ట్ ప్రశ్నావళి. ఏయే మత్తు ఎంత వాడుతున్నాడో అడిగి, ఆ జవాబుల మీదనే ఒక చిన్న సంభాషణ జరపడం దాని పద్ధతి. ఆస్ట్రేలియా, బ్రెజిల్, భారత్, అమెరికాల్లో ప్రాథమిక వైద్యానికి వచ్చిన 731 మందిపై చేసిన పరీక్ష 2012లో వెలువడింది. ఆ కొద్ది నిమిషాల మాటతో మొత్తం మీద వాడకం తగ్గింది. దీనికి మానసిక వైద్యుడే కానక్కర్లేదు, శిక్షణ ఉన్న నర్సు చాలు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులనూ జబ్బుగానే లెక్కగట్టి, ప్రభుత్వ ఖర్చుతో చికిత్స పొందే హక్కు ఇచ్చింది. వ్యసన విముక్తికి 14446, ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి మానస్‌కు 14416 నంబర్లు ఉచితం. టెలి మానస్‌లో తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. ఒకే ఇంట్లో రెండు భాషలూ వినిపించే నగరి వంటి ఊళ్లో, అవ్వ ఒక భాషలో, మనవడు ఒక భాషలో తమ బాధ చెప్పుకోగలరు.