మాల్దీవుల్లో సముద్ర తాబేళ్లు: చట్టం ఏం చెబుతోంది?

మాల్దీవులు హిందూ మహాసముద్రంలోని ముస్లిం దేశం. సుమారు 1,200 చిన్న చిన్న దీవులు. వీటిలో జనం ఉండేవి రెండు వందల లోపే. మిగతా వాటిలో కొన్ని టూరిస్టు రిసార్టులు, చాలావరకు ఖాళీ దీవులు. ఈ దేశపు సముద్రంలో అయిదు రకాల తాబేళ్లు కనిపిస్తాయి. పచ్చ తాబేలు, గద్దముక్కు లాంటి మూతి ఉన్న హాక్స్‌బిల్ ఎక్కువ. ఆలివ్ రిడ్లే, లాగర్‌హెడ్, లెదర్‌బ్యాక్ అరుదు.

ఒకప్పుడు పచ్చ తాబేలును మాంసం కోసం, గుడ్ల కోసం పట్టేవారు. హాక్స్‌బిల్‌ను చిప్ప కోసం చంపేవారు. ఆ చిప్పతో ఉంగరాలు, గాజులు, దువ్వెనలు చేసి టూరిస్టులకు అమ్మేవారు, విదేశాలకూ పంపేవారు. 1970లలో టూరిజం మొదలయ్యాక ఈ వ్యాపారం ఇంకా పెరిగింది.

చట్టం మెట్లు మెట్లుగా వచ్చింది

మొదటి అడుగు 1970ల చివర్లో పడింది. చిప్ప పొడవు రెండడుగుల కంటే తక్కువున్న తాబేళ్లను పట్టకూడదన్నారు. చిన్నవాటిని కాపాడదామన్న ఉద్దేశం మంచిదే. కానీ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి 20 నుంచి 30 ఏళ్లు పడుతుంది. అంటే అన్నేళ్లు బతికి, పిల్లల్ని కనే దశకు చేరిన పెద్ద తాబేలునే చంపుకోవచ్చని ఆ నిబంధన ఒప్పుకున్నట్టయింది.

1995లో ప్రభుత్వం పదేళ్ల పాటు పూర్తి నిషేధం పెట్టింది. ఏ సైజు తాబేలునైనా పట్టడం, చంపడం నేరం. చిప్పతో చేసిన వస్తువుల అమ్మకమూ బంద్. అయినా ఒక పెద్ద సందు మిగిలిపోయింది: గుడ్లు ఏరుకోవడాన్ని ఆపలేదు. తల్లికి రక్షణ ఉంది, గూడుకు లేదు. ఒక్కో గూట్లో దాదాపు వంద గుడ్లుంటాయి. ఏటా వాటిని ఏరుకుపోతుంటే, ఇప్పుడున్న తాబేళ్లు ముసలివైపోయాక వాటి చోటు తీసుకునే పిల్లలు ఉండవు.

2006లో నిషేధాన్ని మరో పదేళ్లు పొడిగించారు. ఈసారి కొన్ని ఎంపిక చేసిన దీవుల్లో గుడ్లు తీయడాన్నీ ఆపారు. మిగతా దీవుల్లో ఆ పని సాగుతూనే వచ్చింది.

ఆ సందు పూర్తిగా మూసుకున్నది 2016లో. పర్యావరణ పరిరక్షణ చట్టం (4/93) కింద సముద్ర తాబేళ్లను రక్షిత జీవులుగా ప్రకటించారు. ఇప్పుడు దేశమంతటా తాబేలును పట్టడం, గాయపరచడం, ఇంట్లో పెంచుకోవడం, గుడ్లు తీయడం, గూటిని చెదరగొట్టడం అన్నీ నేరాలే. ఈసారి పదేళ్ల గడువు లాంటిదేమీ లేదు. పర్యావరణానికి పెద్ద నష్టం చేసినవారికి ఈ చట్టం కింద 10 కోట్ల రుఫియాల వరకు జరిమానా వేయొచ్చు.

చట్టానికి అందని చోట్లు

ఖాళీ దీవుల్లో రాత్రిపూట గుడ్లు తవ్వుకుపోతే చూసేవారుండరు. జనం లేని వందల దీవులకు కాపలా పెట్టడం ఏ దేశానికైనా కష్టమే.

రెండోది వలలు. మాల్దీవుల జాలర్లు ట్యూనాను ఎక్కువగా గాలాలతోనే పడతారు. కానీ వేరే చోట్ల తెగిపోయిన, పారేసిన వలలు అలల వెంట కొట్టుకొస్తాయి. వాటిలో చిక్కేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లేలు. అలా చిక్కిన తాబేళ్లకు జన్యు పరీక్షలు చేస్తే, చాలావరకు శ్రీలంక, భారత తూర్పు తీరాలకు చెందినవని తేలింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేదీ ఈ జాతే. అంటే మన వైపు ఇసుకలో పుట్టిన తాబేలు ఎక్కడో మాల్దీవుల దగ్గర వలలో పడి చావొచ్చు. ఒక దేశపు చట్టం ఒక్కటే దాన్ని కాపాడలేదు. తెగిన వలను సముద్రంలో వదలకుండా ఒడ్డుకు తేవడం ఇక్కడి బోట్ల చేతిలోనూ ఉంది.

మాల్దీవులకు వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సినవి

• తాబేలు చిప్ప ఉంగరం, గాజు ఎవరైనా అమ్మజూపినా కొనొద్దు. అన్ని సముద్ర తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం నిషేధించింది. భారత్ అందులో 1976 నుంచే ఉంది, మాల్దీవులు 2012లో చేరింది.
• దాన్ని ఇండియాకు తెస్తే ఇక్కడ కూడా కేసే. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఇవి ఉన్నాయి. ఆ షెడ్యూల్ జీవుల విషయంలో నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు.
• నీళ్లలో తాబేలు కనిపిస్తే దూరం నుంచే చూడాలి. పిల్లలు సరదాగానైనా ముట్టుకోకుండా, వెంటపడకుండా చూసుకోండి.
• రాత్రి బీచ్‌లో గుడ్లు పెడుతున్న తాబేలు కనబడితే టార్చి, ఫోన్ లైటు వేయొద్దు. వెలుతురుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.
• వలలో చిక్కిన తాబేలు కనిపిస్తే మీరే లాగి విడిపించబోవద్దు, రిసార్టు లేదా బోటు సిబ్బందికి చెప్పండి. గాయపడిన వాటికి చికిత్స చేసే కేంద్రం 2017 నుంచి బా అటాల్‌లో పనిచేస్తోంది.