సైటోకైన్ మందులు మాత్రల్లో ఎందుకు రావు? ఏ ఇంజెక్షన్ ఎలా ఇస్తారు?

కీమో చేయించుకునేవాళ్లకు తెల్లకణాలు పెరగడానికి, డయాలసిస్ పేషెంట్లకు రక్తం పట్టడానికి డాక్టర్లు కొన్ని ఖరీదైన ఇంజెక్షన్లు రాస్తారు. ఫిల్‌గ్రాస్టిమ్, ఎరిథ్రోపొయెటిన్ అలాంటివే. హెపటైటిస్‌లో వాడే ఇంటర్‌ఫెరాన్ కూడా ఈ కోవలోదే. వీటిని సైటోకైన్ మందులు అంటారు. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లే సైటోకైన్లు.

సూది బదులు మాత్ర ఇవ్వరా అని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. కుదరదు. తిన్న గుడ్డు, మాంసం అరిగినట్టే ఈ ప్రొటీన్ కూడా కడుపులో అరిగిపోతుంది.

చర్మం కింద

ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. పొట్ట మీద బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో గానీ, తొడకు గానీ ఇస్తారు. మందు నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. నర్సు దగ్గర నేర్చుకుంటే ఇంట్లోనే ఇవ్వొచ్చు. ప్రతిసారీ చోటు మార్చాలి.

ఫిల్‌గ్రాస్టిమ్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లో 'గ్రాఫీల్' పేరుతో తెచ్చింది. కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగి దీన్ని మొదలుపెడతారు. తొందరపడితే, కొత్తగా పుడుతున్న కణాలను కీమో మందే చంపేస్తుంది.

నరంలోకి

డయాలసిస్‌లో ఎరిథ్రోపొయెటిన్‌ను మిషన్ లైన్‌లోనే ఎక్కించవచ్చు, వేరే సూది అక్కర్లేదు. కొన్ని క్యాన్సర్లకు ఇచ్చే హైడోస్ ఇంటర్‌ల్యూకిన్-2ను 8 గంటలకోసారి, 15 నిమిషాల పాటు ఎక్కిస్తారు. బీపీ బాగా పడిపోవచ్చు కాబట్టి ఇది ఆస్పత్రిలోనే జరగాలి.

కండలోకి

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎలో ఒక బ్రాండ్‌ను వారానికోసారి కండకు ఇస్తారు. మరో బ్రాండ్‌ను వారానికి మూడుసార్లు చర్మం కింద ఇస్తారు. మందు పేరు ఒకటే కదా అని డాక్టర్‌ను అడగకుండా బ్రాండ్ మార్చకూడదు.

సూదులు తగ్గించే 'పెగ్'

మందు పేరుకు ముందు 'పెగ్' అని ఉంటే అది ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది. హెపటైటిస్‌లో మామూలు ఇంటర్‌ఫెరాన్ వారానికి మూడుసార్లు అయితే, పెగ్ రకం ఒక్కసారి చాలు.

ఇంట్లో జాగ్రత్తలు

- ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు.
- సీసాను గట్టిగా ఊపకూడదు. రంగు మారినా, నలకలు కనిపించినా వాడొద్దు.
- ఎక్కువసేపు కరెంటు పోతే, వాడేముందు మందుల షాపులో గానీ డాక్టర్‌ను గానీ అడగాలి.
- వాడిన సూదులను మందమైన డబ్బాలో వేసి, పిల్లలకు అందకుండా పెట్టాలి.

కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, ఇంజెక్షన్ ఇచ్చాం కదా అని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.