కణములో సంకేతభాష

"పెరుగుము", "ఆగుము" అను ఆజ్ఞలు మన జీవకణములలో ఎట్లు ప్రసరించును? ప్రోటీనులకు ఫాస్ఫేటును తగిలించుట, తొలగించుట అందులో ముఖ్యమైన రీతి. ఆ ఫాస్ఫేటును సమకూర్చునది ఏ.టి.పి. 1929లో దానిని వెలికితీసినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని స్మరింపవలెను.

1979 వరకు జంతుకణములలో ఈ ఫాస్ఫేటు సెరీన్, థ్రియోనీన్ అను అమైనో ఆమ్లములకే తగులునని తలచిరి. ఆ యేట కాలిఫోర్నియాలోని సాల్క్ పరిశోధనాలయమున టోనీ హంటర్, కంతులు కలిగించు వైరసు ప్రోటీనులను పరీక్షించుచు, పలుమార్లు వాడుటచే ఆమ్లత పెరిగిన పాత ద్రావణమునే వినియోగించిరి. థ్రియోనీను చుక్కతో కలిసిపోవలసిన వేరొక చుక్క విడిగా కనబడెను. అది టైరోసీన్! క్రొత్త ద్రావణమైనచో ఆ రహస్యము మరికొంతకాలము మరుగుననే యుండెడిదేమో.

టైరోసీనుకు ఫాస్ఫేటు తగిలించు ఎంజైము అదుపు తప్పినచో కాన్సరు కలుగవచ్చునని పిమ్మట తేలినది. 2001లో అమెరికాలో ఆమోదము పొందిన ఇమాటినిబ్, అట్టి ఎంజైములో ఏ.టి.పి. చేరవలసిన చోటును ఆక్రమించి, ఒకవిధమగు రక్తకాన్సరు రోగులలో అనేకుల ఆయువు పెంచినది. వింత చుక్కను పొరపాటని త్రోసివేయక, ఇది యేమని విచారించుటవలననే మనకీ మేలు చేకూరినది.