మస్టర్

గోదావరిఖనిలో నెలాఖరుకు బొగ్గుబాయి పనోళ్లు ఇద్దరు ఎదురుపడితే జీతం సంగతి తర్వాత. ముందు మస్టర్ల ముచ్చటే. "ఈ నెల ఎన్నయినయే?" "ఇరవై రెండు. రెండు నాగాలు పడ్డయ్." మస్టర్లని వేరే చెప్పక్కర్లేదు, ఎన్ని అంటే అవే. షిఫ్టుకొకటి. మస్టర్ పడుతుంది, పోతుంది, నిండుతుంది.

ఇంగ్లీషువాడి మస్టర్‌కు ఈ అర్థం లేదు. వాడి భాషలో అది జనాన్ని, ముఖ్యంగా సిపాయిల్ని, ఒకచోట నిలబెట్టి చూసుకోవడం. ఒక మనిషి ఒక పూట చేసిన కష్టాన్ని 'ఒక మస్టర్' అని లెక్కగట్టడం, దానికి బహువచనం చేర్చి ఏడాది పొడుగునా కూడబెట్టుకోవడం మన గనుల్లో పాదుకున్న వాడుక. అరువు తెచ్చుకున్న మాటకు మనవాళ్లు కొత్త పని చెప్పారు.

మాట మూలం లాటిన్‌లో ఉంది. 'మోనేరే' అంటే హెచ్చరించడం. దాన్నుంచి 'మోన్‌స్ట్రుమ్': రెండు తలల దూడ పుడితే దేవతలు ఏదో చెబుతున్నారని రోమన్లు జడుసుకున్నారే, ఆ అపశకునం. దాన్నుంచే 'మోన్‌స్ట్రారే', చూపడం. ఇంగ్లీషులో రాక్షసి అనే అర్థమున్న మాన్‌స్టర్, ప్రదర్శనకు వాడే డెమాన్‌స్ట్రేషన్, బడిలో క్లాసును చూసుకునే మానిటర్ అన్నీ ఆ ఇంటివే.

చూపడం అనే ఒక్క అర్థమే ఊరూరా వేరు వేషం కట్టింది. ఇటలీలో 'మోస్త్రా' అంటే ప్రదర్శన. స్పెయిన్‌లో 'ముయెస్త్రా' అంటే మచ్చు. జర్మనీలో 'ముస్టర్' అంటే మచ్చు, నమూనా. డచ్చివాళ్ల దగ్గర 'మాన్‌స్టర్' అన్న ఒక్క మాటకే మచ్చు అనీ, రాక్షసి అనీ రెండర్థాలు. మన 'నమూనా' కూడా ఇదే దారిన నడిచింది. అది పారసీ మాట. 'నమూదన్' అంటే చూపడం. లాటిన్ వంక చూడకుండానే పారసీవాళ్లు చూపడంలోంచి మచ్చును తీశారు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఫ్రెంచి 'మోంత్ర్'. ఇప్పుడు చేతి గడియారాన్ని అలా అంటారు. ఒకప్పుడు అది సైన్యం తనిఖీ. లేని సిపాయిల పేర్లు రాసి దళనాయకులు జీతాలు మింగేవారు. అందుకని తనిఖీ అధికారి ముందు ప్రతివాడూ ఒంటితో, ఆయుధంతో కనబడాలి. కనబడితేనే జీతం. అట్లా తనిఖీ దగ్గర ఇచ్చే ఆ జీతానికీ 'మోంత్ర్' అనే పేరు వచ్చింది. మన బాయి దగ్గర మస్టర్ పడ్డదంటే జీతం పడ్డట్టే కదా! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే పాత ఫ్రెంచి సిపాయీ, బొగ్గు నింపే సింగరేణి ఫిల్లరూ ఒకే మాటను కూలిదాకా తెచ్చారు.

సర్కారు కాగితాల్లో దీనికి హాజరు అనే మాట ఉంది. అది అరబ్బీ. హుజూరాబాద్‌లోని హుజూరుకూ దానికీ ధాతువు ఒకటే, ఎదుట ఉండటం. అయినా బాయి మీద హాజరు నిలవలేదు. నా ఉద్దేశంలో కారణం లెక్క. హాజరు మనిషి స్థితిని చెబుతుంది, మస్టర్ చేతికి వచ్చినదాన్ని చెబుతుంది. 1952 గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190, మిగతా పనుల్లో 240 హాజర్లు నిండితేనే జీతంతో కూడిన సెలవుకు అర్హత ఉండేది. సింగరేణిలో ఒకరి బదులు పనిలోకి దిగే బదిలీ వర్కర్ పర్మినెంటు జనరల్ మజ్దూర్ కావడానికీ ఈ అంకెలే గీటురాళ్లు. డిసెంబరులో 187 దగ్గర ఆగినవాడికి ఆ మూడు మస్టర్ల విలువ ఏ నిఘంటువూ చెప్పలేదు. జ్వరమొచ్చినా దిగుతాడు.

మస్టర్ రాసేది జీతం కోసమే అనుకుంటే సగమే తెలిసినట్టు. ఏ షిఫ్టులో ఎవరెవరు కిందికి దిగారో రిజిస్టరు ఉండాలని అదే చట్టం చెప్పింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అటువంటి పూట గేటు దగ్గర నిలబడ్డ ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "మావోనికి మస్టర్ పడ్డదా?" మిగిలిన రోజుల్లో పడాలని కోరుకునే మస్టర్, ఆ ఒక్క రోజు పడకుండా ఉంటే బాగుండనిపిస్తుంది. లాటిన్ తల్లివేరులోని హెచ్చరిక ఈ మాటలో ఇంకా బతికి ఉందని నేను నమ్మేది అక్కడే.

ఇప్పుడు వేలిముద్ర మిషన్లు వచ్చాయి. ఫ్రెంచి సైన్యం పద్దెనిమిదో శతాబ్దంలో సిపాయి ఎత్తు, ముఖం గుర్తులు పట్టీలో రాయించింది, మారు మనిషి రాకూడదని. మిషన్ చేసేదీ ఆ పనే. వేలు ఆనక గీత పడకపోతే ఇవాళ్టికీ బాయి మీద వినబడేది "బయోమెట్రిక్ కాలే" అని కాదు, "మస్టర్ పడలే" అనే.