నాపబండ మీద పులిజూదం

పులిజూదం ఇద్దరు ఆడే ఆట. ఒకరివి పులులు, మరొకరివి మేకలు. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తారు. పాచికలుండవు, గవ్వలుండవు, చేతిలో దాచుకునే ముక్కలుండవు. ఉన్నదంతా ఇద్దరి కళ్ల ముందే ఉంటుంది. అయినా రెండు పక్షాలూ సమానం కావు. చదరంగంలో ఇద్దరికీ ఒకే సేన. ఇక్కడ ఒకరికి బలం ఎక్కువ, మరొకరికి మంద ఎక్కువ. అందుకే మొదటి కాయ పెట్టకముందే ఎవరు ఏ వైపు, పులులెన్ని, ఎన్ని మేకలు పోతే ఆట పోయినట్టు అన్నది తేల్చుకోవాలి. కంప్యూటర్‌లో వ్యూహక్రీడ తెరవగానే సులువా, మధ్యస్థమా, కష్టమా అని అడుగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల రచ్చకట్టల మీద ఆ బేరం తెరలు రాకముందే జరిగేది. స్థాయి అనే పేరు మాత్రం ఉండేది కాదు.

ఈ సీమలో ఆటకు పటం కొనాల్సిన పని లేదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో నాపరాయి పొరలు పొరలుగా దొరుకుతుంది. ఇంటి నేల, అరుగు, మెట్టు, గుడి ముంగిలి అన్నిటికీ అదే బండ. నున్నగా, వెడల్పుగా, నల్లగానో బూడిదరంగులోనో ఉండే ఆ రాయి మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో గీస్తే పటం సిద్ధం. రోజూ ఆడే చోటయితే ఉలితో చెక్కుకుంటే చెరిగిపోదు. గులకరాళ్లు మేకలు, వాటికంటే పెద్ద రాళ్లో పెంకులో పులులు. చింతగింజలు కూడా మేకలవుతాయి. పైసా ఖర్చు లేని ఆట కాబట్టే పశువుల కాపరుల దగ్గరా, పనులు లేని ఎండాకాలపు మధ్యాహ్నాల్లోనూ అంత కాలం బతికింది.

ఆటలోని జంతువులు కూడా ఈ నేలవే. నంద్యాలకు తూర్పున నల్లమల ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారి ఆ అడవి గుండానే సాగుతుంది. అహోబిలం ఆళ్లగడ్డ మండలంలో, ఆ కొండల ఒడిలో ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లాలోని పెద్దగుమ్మడాపురం దగ్గర తల్లి నుంచి తప్పిపోయిన నాలుగు పులిపిల్లలు ఊరివాళ్లకు కనబడ్డాయి. అడవి అంచున మంద కాసేవాళ్లకు పులీ మేకా కథలోని పాత్రలు కావు.

ఆట వయసు చెప్పడం అంత తేలిక కాదు. విజయనగర కాలపు మండపాల నేలల మీద ఇలాంటి పటాలు చాలా చోట్ల కనబడతాయి. హంపిలో బండల మీద చెక్కిన ఆటపటాలను జాన్ ఫ్రిట్జ్, డేవిడ్ గిబ్సన్ అనే పరిశోధకులు నమోదు చేసి విశ్లేషించారు. అహోబిలానికి ఆ సామ్రాజ్యంతో దగ్గరి బంధం ఉంది. కృష్ణదేవరాయలు 1515లో అక్కడికి వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనం చెబుతోంది. అయితే గుడి కట్టిన ఏడాదికీ దాని నేల మీద గీసిన పటానికీ ముడిపెట్టకూడదు. కట్టేటప్పుడు రాతిపనివాళ్లు చెక్కి ఉండవచ్చు, వందేళ్ల తర్వాత కాపలావాళ్లు చెక్కి ఉండవచ్చు, తిరునాళ్లకు వచ్చిన యాత్రికులూ చెక్కి ఉండవచ్చు. రాతి మీద గీతకు తేదీ ఉండదు. ఒక్కటి మాత్రం ఊహించవచ్చు. ఈ పటాలు కూర్చునే చోట, నీడ పడే చోట ఉంటే అవి పూజకు గీసిన ముగ్గులు కాక, ఆటకు గీసుకున్నవే అయి ఉండవచ్చు.

పటం చూడటానికి గోపురంలా ఉంటుంది. పైన ఒక శిఖరం. దాని నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతలు ఇరుపక్కలా కాస్త బయటికి పొడుచుకొస్తాయి, వాటి కొసలను చెరొక నిలువుగీత కలుపుతుంది. అడుగున నాలుగు గీతల చివరలను కలుపుతూ ఇంకో గీత. శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. ఎక్కువగా ఆడే పద్ధతిలో మూడు పులులు, 15 మేకలు. పులులు శిఖరం దగ్గర మొదలవుతాయి. మేకలు ఒక్కొక్కటిగా పటం మీదికి వస్తాయి. అన్నీ దిగేదాకా మేక కదలకూడదు, పులి మాత్రం కదలవచ్చు. పక్కనున్న మేక మీదుగా తిన్నగా దూకితే, అవతల చోటు ఖాళీగా ఉంటే, ఆ మేక పోయినట్టే. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

కష్టం ఎక్కడుందో పటమే చెబుతుంది. అడుగుగీత రెండు కొసలు, పక్క నిలువుగీతల నాలుగు కొసలు, ఈ ఆరు చోట్ల పెట్టిన మేక మీదుగా దూకడానికి అవతల చోటే లేదు. కాబట్టి మొదటి ఆరు మేకలను తెలిసినవాడు కళ్లు మూసుకుని పెట్టగలడు. మిగతా తొమ్మిదింటితోనే అసలు పరీక్ష. ప్రతి మేకకూ వెనక ఇంకో మేకో, పటం అంచో కాపుండాలి. కొత్తవాడు ఒక మేకను ఒంటరిగా నడిమధ్యలో పెట్టి ఆటను అక్కడే పోగొట్టుకుంటాడు. పులి వైపు లెక్క వేరు. శిఖరంలో కూర్చున్న పులికి నాలుగు దారులున్నాయి. మేకలతోనే దాన్ని కట్టాలంటే ఎదురుగా నాలుగు, వాటి వెనక మరో నాలుగు, మొత్తం ఎనిమిది మేకలు కావాలి. అదే పులి మూలకు దిగితే నాలుగు చాలు. ఆశపడి మూలలోకి దూకిన పులి అక్కడే చిక్కుతుంది. ఈ సంగతి తెలిసిన పులి, తెలియని పులి ఒకే ఆట ఆడవు.

అందుకే ఈ ఆటలో స్థాయిని ఎంచుకోవడమంటే ముందుగా పక్షాన్ని ఎంచుకోవడం. పులి వైపు ఆడేవాడు ఆ ఎత్తులో ఏ మేక దొరుకుతుందా అని చూస్తే చాలు, ఆట సాగుతుంది. మేకల వైపు ఆడేవాడు మొత్తం పటాన్ని మనసులో పెట్టుకోవాలి, తొందరపడకూడదు, ఒక్క తప్పూ చేయకూడదు. నేర్చుకునే పిల్లలకు పులులిచ్చి పెద్దవాళ్లు మేకలు తీసుకోవడంలోని కిటుకు ఇదే. పిల్లవాడికి మేకలు దొరికినప్పుడల్లా సరదా, పెద్దవాడికి ప్రతి ఎత్తూ కసరత్తు. పిల్లవాడు పులితో గెలవడం మామూలయ్యాక మేకల వైపు మారతాడు. ఆట కొత్తగా మొదలైనట్టే ఉంటుంది. ఇద్దరూ సమానమైన ఆటగాళ్లయితే పక్షాలు మార్చుకుని రెండో ఆట ఆడటమే న్యాయం. ఒక్క ఆట చూసి ఎవరు గొప్పో చెప్పడం ఇందులో కుదరదు.

కాయల లెక్క మార్చడం రెండో దారి. నాలుగు పులులు, 16 మేకలతో ఆడేవాళ్లున్నారు. పులి పెరిగింది కాబట్టి మేకలకు కష్టమని పైకి అనిపిస్తుంది. కానీ 23 చోట్లలో 18 కాయలుంటే ఖాళీలు ఐదు, 20 కాయలుంటే మూడే. ఆరంభంలో నాలుగో పులి మేకలను బెదిరిస్తుంది, మేకలన్నీ నిలబడ్డాక పులులకే ఊపిరాడదు. కష్టం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు, ఆటలోని ఒక దశ నుంచి ఇంకో దశకు జరుగుతుందన్నమాట. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్‌లో ఇది ఇంకా బిగుసుకుంటుంది. అక్కడ ఐదు గీతల చదరం, 25 చోట్లు, నాలుగు పులులు, 20 మేకలు. ఒక్క మేకా పోకుండా అన్నీ దిగితే మిగిలేది ఒకే ఖాళీ. ఐదు మేకలు పోతే పులి గెలిచినట్టని అక్కడ లెక్క. మన వైపు ఆ హద్దును ఆడేవాళ్లే ముందు మాట్లాడుకుంటారు. మేకలతో ఆడే బలహీనుడికి హద్దు పెంచడం, ఆరితేరినవాడికి తగ్గించడం అన్నిటికంటే సులువైన సర్దుబాటు. పటం మార్చనక్కర్లేదు, కాయలు మార్చనక్కర్లేదు.

ఇతర ఆటల్లో ఈ సర్దుబాటు పటం పరిమాణంలో ఉంది. దాడి ఆటను మూడేసి రాళ్లతో చిన్న పటం మీద ఆడవచ్చు, తొమ్మిదేసి రాళ్లతో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చదరాల మీద ఆడవచ్చు, మూలగీతలు కలిపి పన్నెండేసి రాళ్లతోనూ ఆడవచ్చు. అష్టాచెమ్మాకు ఐదు గళ్ల పటం ఉంది, పెద్దదిగా ఏడు గళ్ల పటమూ ఉంది. ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరసలోకి పోకూడదన్న నియమం పెడితే అదే ఆట ఒక మెట్టు కష్టమవుతుంది. గవ్వలాటలో అదృష్టం కూడా ఒక సర్దుబాటే. తాతను మనవడు ఓడించే అవకాశం అందులో ఎప్పుడూ ఉంటుంది. పులిజూదంలో ఆ వెసులుబాటు లేదు, అందుకే పక్షాల బేరం అంత ముఖ్యమైంది.

చదరంగం వాళ్లు ఇదే సమస్యను బలం తగ్గించి తీర్చుకున్నారు. గట్టివాడు తన గుర్రాన్నో ఏనుగునో ముందే పక్కన పెట్టి ఆడతాడు. 9, 10 శతాబ్దాల అరబ్బు చదరంగ నిపుణులు ఆటగాళ్లను ఐదు తరగతులుగా విడదీసి, పై తరగతివాడు కింది తరగతివాడికి ఎంత బలం వదులుకోవాలో లెక్క కట్టారు. స్థాయిలను క్రమంగా పేర్చిన మొట్టమొదటి ప్రయత్నాల్లో అది ఒకటి. జపాన్, చైనా, కొరియాల్లో ఆడే గో ఆటలో బలహీనుడి రాళ్లను ముందే రెండు నుంచి తొమ్మిది దాకా పటం మీద పెడతారు. ఇక మన వైపు చూస్తే, సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో తెలుగువారి ఆటపాటలకు చోటిచ్చారు. కానీ ఏ ఆట ఎవరు ఆడారన్న దానికంటే, సమానులు కానివాళ్లు ఎలా ఆడుకున్నారన్న దాని మీద మన చరిత్రకారులు పెట్టిన దృష్టి తక్కువ. తెలుగు ఆటల చరిత్రలో ఇది పూడ్చాల్సిన ఖాళీయే.

యంత్రం ఎదుటి ఆటగాడైనప్పుడు బేరానికి మనిషి దొరకడు. అందుకని బేరాన్ని ముందే బొత్తాల్లో పెట్టాల్సి వచ్చింది. 1977లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్ అనే చదరంగ యంత్రానికి మొదట ఒకే స్థాయి ఉండేది. కొద్దికాలంలోనే మూడు స్థాయిల యంత్రం, ఆ తర్వాత పది స్థాయిల యంత్రం వచ్చాయి. అక్కడ స్థాయి అంటే ముఖ్యంగా ఆలోచించే సమయం. ఎక్కువసేపు ఇస్తే యంత్రం ఎక్కువ ఎత్తులు ముందుకు చూస్తుంది. విండోస్ విస్టాతో ఇళ్లలోకి వచ్చిన చెస్ టైటాన్స్‌లోనూ పది స్థాయిలే. 1991లో సిడ్ మేయర్ రూపొందించిన సివిలైజేషన్ వేరే దారి పట్టింది. నాయకుడు, సేనాని, యువరాజు, రాజు, చక్రవర్తి అనే అర్థమిచ్చే ఐదు మెట్లు పెట్టింది. 1996లో వచ్చిన రెండో భాగం దేవుడి స్థాయిని చేర్చింది. మెట్టు ఎక్కేకొద్దీ కంప్యూటర్ తెలివి పెద్దగా పెరగదు, దానికి దక్కే రాయితీలు పెరుగుతాయి. ఊళ్లు త్వరగా ఎదుగుతాయి, సైన్యం తక్కువ ఖర్చుకు తయారవుతుంది. అరబ్బులు బలవంతుడి గుర్రాన్ని తీసేస్తే, ఈ ఆట యంత్రానికి అదనపు గుర్రాలిచ్చింది. నిపుణులైన ఆటగాళ్లు దీన్ని మోసమని విసుక్కోవడంలో అన్యాయమేమీ లేదు. పులి అదనంగా వచ్చిందని ఎదుటివాడికి తెలిసి ఆడటం వేరు, తెర వెనక లెక్కలు మారడం వేరు.

ఇలాంటి పాత ఆటలను కంప్యూటర్ చివరిదాకా లెక్కించిన సందర్భాలూ ఉన్నాయి. తొమ్మిది రాళ్ల దాడిలో ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని రాల్ఫ్ గాసర్ 1993లో తేల్చారు. బాఘ్‌చాల్ కూడా అలాగే తెగకుండా ముగుస్తుందని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు నిరూపించారు. రెండు పక్షాలూ చూపుకు అంత వేరుగా ఉన్నా లోపల తూకం సరిపోయిందన్నమాట. ఆ ఆటను మనుషులు ఆడేటప్పుడు కనబడే హెచ్చుతగ్గులు పటానివి కావు, ఆటగాళ్లవి. 

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. ఇళ్ల ముందు అరుగులు పోయి ప్రహరీలు వస్తున్నాయి, ఫోన్లలో పులి–మేక ఆటలు వచ్చాయి. చాలా వాటిలో పక్షమూ స్థాయీ ఆట మొదట్లోనే ఎంచుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాత క్రమాన్నే పాటించడం మేలు. ముందు పులి వైపు ఆడి దూకే దారులు తెలుసుకోవాలి. తర్వాత మేకల వైపుకు మారి, అంచుల్లోని ఆరు చోట్లు మొదట నింపాలి. కష్టం స్థాయిని పెంచడం ఆ తర్వాతి పని.