నాసికా గృహము: మానవుడు దానిని తెలిసికొన్న చరిత్ర



నేటి ప్రసంగమునకు నేను ముక్కును విషయముగా గైకొంటిని. ప్రతిదినము అద్దమున చూచుకొను ముక్కును గూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని మీరు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. నిజమునకు మన భాషలో ముక్కునకున్నంత పలుకుబడి మఱి యే యవయవమునకును లేదు. దాపఱికము లేనివాని మాట ముక్కుసూటి మాట. కోపిష్ఠివాని కోపము ముక్కుమీదనే కాపురముండును. నలుగురిలో తలవంపు కలిగినవాడు ముక్కు తెగినట్లయినదని వాపోవును. ఇంత పరిచయమున్నను, ఆ రెండు పుటముల లోపల నేమున్నది? పడిశము పట్టినపుడు కారు నీరు ఎక్కడనుండి వచ్చును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము లోకమునకు దొరకుటకు రెండువేల యేండ్లకు దగ్గఱగా పట్టినది. ఆ యాలస్యమెట్లు కలిగినది, ఎట్లు తీఱినది అనునదే నా ప్రసంగము.

మొదట ఆ గృహమును చూతము. ముక్కుదూలము పైభాగమును వ్రేళ్లతో పట్టి చూడుడు, గట్టిగా నుండును. అది యెముక. వ్రేళ్లను క్రిందికి జార్చినచో మెత్తగా వంగును. అది లేతయెముక, మన వైద్యులు దానిని తరుణాస్థి యనిరి. వాకిలియొద్ద దుమ్మును నిలుపుటకు వెండ్రుకలున్నవి. లోపల నడిమిగోడ యొకటి యింటిని రెండు భాగములు చేయును. ఆ గోడ నిలువుగా సూటిగా నుండుట యరుదు. పెక్కుమందికి ఒక ప్రక్కకు కొంచెము ఒరిగియే యుండును. ప్రక్కగోడలనుండి ఆలిచిప్పలవలె చుట్టుకొన్న పలుచని యెముకలు, ఒక్కొక్క వైపున మూడేసి, చూరులవలె క్రిందికి వంగియుండును. అన్నిటికంటె క్రింది చూరు నీడలోనికి కంటినీటి కాలువ వచ్చి చేరును. ఏడ్చినపుడు ముక్కు కారుటకు కారణమిదియే. నుదుట, బుగ్గలలో, కన్నుల నడుమ, వాని వెనుక కపాలమధ్యమున గాలిగదులు కలవు. వాని చిన్నచిన్న ద్వారములన్నియు ముక్కులోనికే తెఱచుకొనును.

ఈ యిల్లంతయు తడియైన యెఱ్ఱని పొరతో కప్పబడియున్నది. ఆ పొర రక్తనాళములతో నిండినది గనుక లోనికి వచ్చు గాలిని వెచ్చజేయును, తడియు నిచ్చును. అది స్రవించు జిగురు దుమ్మును పట్టుకొనును. దానిపై కంటికి గానరాని సన్నని నూగు కలదు. వరిచేను గాలికి ఊగినట్లు ఆ నూగు ఎడతెగక కదలుచు జిగురును గొంతువైపునకు నెట్టుచుండును. ఇక నీ యింటి పైకప్పున, మెదడునకు ముక్కునకు నడుమ, జల్లెడవంటి పలుచని యెముక యొకటి యున్నది. దాని రంధ్రములగుండ వాసన తెలిపెడి నాడులు మెదడునకు పోవును. ఈ జల్లెడను మీరు జ్ఞాపకముంచుకొనుడు. నేను చెప్పబోవు పొరపాటంతయు దీని చుట్టునే అల్లుకొన్నది.

మన దేశమున ముక్కును శ్రద్ధగా పరిశీలించిన ప్రాచీన గ్రంథము సుశ్రుతసంహిత. అది క్రీస్తునకు పూర్వమే మొదలై, పిమ్మట పలువురిచే సంస్కరింపబడినదని పండితుల యభిప్రాయము. శరీరము నెఱుగగోరు వైద్యుడు శవమును శోధింపవలెనని అందు విధింపబడినది. శవమును గడ్డితోను నారతోను చుట్టి, పంజరమున నుంచి, పాఱు నీటిలో మఱుగైన చోట ఏడు రాత్రులు నిలుపవలెను. బాగుగ నానిన పిదప వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను కన్నులార చూడవలెను. ముక్కునందును చెవులయందును ఉన్నవి తరుణాస్థులని ఆ గ్రంథము చెప్పును. ముక్కుదారి కిరువైపుల లోపల ఫణములను రెండు మర్మములున్నవనియు, అచట దెబ్బ తగిలినచో వాసన తెలియకుండ పోవుననియు చెప్పును. ముక్కు రోగములను 31 విధములుగా లెక్కించును.

ముక్కు కోయుట పూర్వకాలమున నొక శిక్ష. శూర్పణఖ కథ తెలియని యూరు మనకు లేదు గదా! ముక్కు తెగినవాడు ప్రాణముతో నుండును గాని నలుగురిలో తలయెత్తుకొని తిరుగలేడు. అందుచేత తెగిన ముక్కును మరల నిర్మించు విధానమును సుశ్రుతుడు చెప్పెను. ఒక ఆకును ముక్కు కొలతకు కత్తిరించి, ఆ కొలతకు చెంపచర్మమును ఒకవైపు అంటియుండగనే కోసి, ముక్కు మొండిని గీరి, దానిపై నతికి కట్టవలెను. గాలి యాడుటకు రెండు గొట్టములను లోన నుంచవలెను. అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనె చిలుకరించుచుండవలెను. చర్మము ఒకవైపు అంటియుండుటలోనే విద్యయంతయు నున్నది. పాత చోటినుండి రక్తము వచ్చుచుండిననే క్రొత్త చోట ఆ చర్మము బ్రదుకును.

కాని యీ శోధన మన దేశమున నిలువలేదు. శవస్పర్శ మైల యన్న భావము బలపడిన కొలది వైద్యులు శ్లోకములను వల్లించిరి గాని కత్తిని విడిచిరి. ఆ చేతిపని యేమయినదో ముందు మనవి చేసెదను. ఈ లోపల పడమటి దేశములకు పోయి వత్తము.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున రోము నగరమున గేలెను అను గ్రీకు వైద్యుడుండెను. తన పూర్వులు చెప్పినదానిని స్థిరపఱచి ఆయన యిట్లు బోధించెను: మెదడు తన మలినమును జిగురుగా విడుచును; అది జల్లెడ యెముకగుండ ముక్కులోనికి దిగును. గ్రీకులు జలుబునకు పెట్టిన పేరునకే క్రిందికి పాఱునది యని యర్థము. మెదడు క్రింద వ్రేలాడు చిన్న గ్రంథిని గూడ ఈ జిగురును దించు కాలువగా భావించిరి. దానికి నేటికిని నిలిచియున్న పిట్యూటరీ యను పేరు, శ్లేష్మమను అర్థముగల లాటిను మాటనుండి వచ్చినదే. ఈ నమ్మకమును వట్టి మూఢత్వమని త్రోసివేయరాదు. నేనొకమాఱు ఎండిన కపాలమును వెలుతురున కెత్తి చూచితిని. జల్లెడ రంధ్రములగుండ వెలుగు చుక్కలు చుక్కలుగా కనబడినది. ఎవరు చూచినను అది నీరు దిగు దారియనియే యనుకొందురు. ఆ గోడయు మిక్కిలి పలుచనిది. ఐగుప్తు దేశస్థులు శవములను నిలువజేయునపుడు ఇనుపకొక్కెమును ముక్కులోనికి పోనిచ్చి మెదడును బయటికి లాగుచుండిరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను.

ఇట్లు జలుబు మెదడు రోగమైపోయినది. రోగి ముక్కు కారుచుండ వైద్యుడు తలను శుద్ధిచేయ నెంచి నెత్తురు తీసెను, విరేచనములిచ్చెను, తలపై వాతలు పెట్టెను. పడిశముతో వచ్చినవాడు నీరసముతో పోయెను. 1543లో వెసేలియసు అను శారీరజ్ఞుడు గొప్ప గ్రంథము వెలువరించి గేలెను తప్పులను పెక్కింటిని దిద్దెను. అయినను ఈ నమ్మకము మఱి నూఱేండ్లకు పైగా నిలిచినది. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో 1489లోనే బుగ్గయెముకలోని గాలిగదిని చూచి చిత్రించియుండెను. కాని ఆ చిత్రములు అచ్చునకెక్కక మూలబడియుండెను.

1651లో ఇంగ్లండు వైద్యుడు నెథేనియల్ హైమోరు ఆ గాలిగదిని తన గ్రంథమున వర్ణించి, ఒక స్త్రీ కథను చెప్పెను. ఆమె పై దవుడ కోఱపంటిని తీయించుకొనెను. అటుపిమ్మట ఆ సందునుండి నీరు కారుట మానలేదు. కారణము తెలిసికొనగోరి యామె వెండికడ్డి నొకదానిని ఆ రంధ్రమున పెట్టగా అది లోనికి పోయినది. తరువాత ఈకలు దూసిన పక్షియీక కాడను పెట్టగా అదియు దాదాపు పూర్తిగా లోనికి పోయినది. అది మెదడునకు తగిలినదని యామె గడగడలాడెను. ఆమె భయమున తప్పేమున్నది? పండితులు బోధించినది ఆమె నమ్మినది. అచట నొక ఖాళీ గది యున్నదనియు, కాడ అందులోనే చుట్టుకొన్నదనియు హైమోరు ఆమెకు ధైర్యము చెప్పెను. లోపలి యింటి పటము తెలిసినవాని యొక్క మాటతో ఆ భయము తీఱినది.

అసలు ముడిని విప్పినవాడు జర్మనీలోని విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయపు టాచార్యుడు కోన్రాడ్ విక్టర్ ష్నైడరు. ఆయన 1660 మొదలుకొని జలుబును గూర్చి పెక్కు సంపుటముల గ్రంథము ప్రకటించెను. ఎండిన కపాలమున జల్లెడ రంధ్రములు తెఱపిగా కనబడును, నిజమే. కాని జీవించియున్న శరీరమున అవి నాడులతోను పొరలతోను మూసికొనియుండును. మెదడు నీరు అటు దిగుటకు దారి లేదు. జిగురు ముక్కులోని పొరయందే పుట్టుచున్నది. ఇంతే ఆయన చెప్పినది! కొలది వత్సరములకే రిచర్డు లోయరు అను ఆంగ్లవైద్యుడును దీనిని సమర్థించెను. పదునైదు శతాబ్దుల సిద్ధాంతము ఎండిన యెముకను మాత్రము చూచి తడి శరీరమును చూడకపోవుటచే నిలిచినది. తడి శరీరమును చూడగానే కూలినది.

ఇక్కడ నొక హెచ్చరిక. తలకు గట్టి దెబ్బ తగిలి ఆ జల్లెడ యెముక పగిలినచో, మెదడు చుట్టునున్న తేటనీరు ముక్కునుండి కారుట కలదు. చెట్టుమీదినుండి పడినవానికో బండి క్రింద పడినవానికో ఆ తరువాత ముక్కునుండి తేటనీరు చుక్కలుగా కారుచుండినచో దానిని జలుబని యుపేక్షింపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

ఇక మన దేశమున చేతిపని యేమయినదో చెప్పెదను. 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యమునకు ఎద్దులు తోలెడి కావస్జీ యను మహారాష్ట్రుడు టిప్పు సుల్తాను పక్షమువారికి చిక్కెను. వారు అతని ముక్కును ఒక చేతిని కోసిరి. ఏడాది కాలము ముక్కులేక తిరిగిన పిదప, పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతనికి ముక్కు పెట్టెను. పలుచని మైనపు రేకును ముక్కుచోట అచ్చు కట్టి, దానిని చదునుచేసి నుదుటిపై పఱచి, గీత గీసి, ఆ మేరకు నుదుటి చర్మమును కోసి, కన్నుల నడుమ కొంచెము అంటియుండనిచ్చి క్రిందికి త్రిప్పి అతికెను. పైన కాచు పూసిన గుడ్డపేలికలు వేసెను. కొన్ని దినములకు వానిని తీసి నేయి తడిపిన గుడ్డలు పెట్టెను. సుమారు 25వ దినమున అంటియున్న చర్మమును కోసివేసెను. బొంబాయికి చెందిన ఇద్దరు ఆంగ్లవైద్యులు దీనిని కన్నులార చూచిరి. 1794 అక్టోబరులో లండనునందలి జెంటిల్మన్సు మాగజైను అను పత్రిక కావస్జీ చిత్రముతో ఈ వృత్తాంతమును ప్రకటించినది.

అది చదివిన లండను శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ 1814లో ఆ పద్ధతిని అనుసరించి చికిత్సచేసి జయముపొందెను; 1816లో గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథమువలన నీ విద్య ఐరోపాయంతట వ్యాపించినది. నేటికిని నుదుటి చర్మముతో ముక్కు కట్టుపద్ధతి ఆసుపత్రులలో వాడుకలోనున్నది. పెద్దలారా, ఒక్కమాట ఆలోచింపుడు. రోగి పేరు నిలిచినది. పత్రిక పేరు నిలిచినది. చూచినవారి పేర్లును, అనుసరించినవాని పేరును నిలిచినవి. ఆ యిటుకల పనివాని పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు. శ్లోకము చదివినవారు విడిచిన కత్తిని మట్టి పిసికిన చేయి శతాబ్దులు కాపాడినది. అయినను అతని పేరడిగి వ్రాసికొనవలెనని ఎవరికిని తోచకపోయెను.

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. ఒకసారి కుడిపుటమున, మఱియొకసారి ఎడమపుటమున గాలి యెక్కువగా ఆడునని మన యోగులు ఇడ, పింగళ యను పేర్లతో ఎన్నడో గమనించిరి. లోని చూరుల పొర వంతులవారిగా ఉబ్బి, కొన్ని గంటలకు తగ్గుటయే దీనికి కారణము. 1895లో కైజరు అను జర్మను వైద్యుడు దీనిని శాస్త్రీయముగా వర్ణించెను. 1991లో అమెరికాలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను శాస్త్రజ్ఞులు వాసనను పట్టుకొను గ్రాహకములకు మూలమైన జన్యువులను కనుగొనిరి. 2004లో వారికి నోబెలు బహుమానము లభించినది. మనుష్యుని ముక్కులో సుమారు 400 రకముల గ్రాహకములున్నవని నేడు తెలియును. 2020లో కరోనా జాడ్యము వచ్చినపుడు పెక్కుమందికి కాఫీ వాసనయు కర్పూరపు వాసనయు తెలియకుండ పోయినవి. ముక్కు కప్పున వాసననాడులకు ఆదరువుగానున్న కణములు చెడుటయే అందులకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

వైద్యుడు గ్రంథమును చదువవలెను, చేతిపనియు నేర్వవలెను. ఒక్కటియే తెలిసినవాడు ఒంటిరెక్క పక్షి వంటివాడని సుశ్రుతసంహితయే చెప్పుచున్నది. ఐరోపాలో గ్రంథము కన్నును మూసినది. మన దేశమున గ్రంథమొక యింటను, చేతిపని మఱియొక యింటను పడియుండెను. మీ గ్రామములలో ఎముకలు కట్టువారు, మంత్రసానులు, పశువులకు మందిచ్చువారు, వడ్రంగులు, కుమ్మరులు పెక్కుమందికి తెలిసినది ఏ పుస్తకమునను లేకపోవచ్చును. చదువు వచ్చిన పిల్లవానిని వారి ప్రక్కన కూర్చుండబెట్టి, వారు చేయునది చూచి వ్రాయింపుడు. అందు సరియైనది నిలుచును. కానిది పరీక్షకు తేలిపోవును. కాని మొట్టమొదట, ఆ కాగితముపై వారి పేరు వ్రాయింపుడు.