కోత వేళలే ఇన్వర్టర్‌ను ఇంటికి తెచ్చాయి

తెలుగు ఇళ్లలోకి జనరేటర్, ఇన్వర్టర్ వచ్చిన కథను అందరూ ఒకే వరసలో చెబుతుంటారు. కరెంటు చాలలేదు, ఉన్నవాళ్లు జనరేటర్ కొన్నారు, ఇన్వర్టర్ చవకయ్యాక అది జనరేటర్‌ను పక్కకు నెట్టింది, ఇప్పుడు కోతలు తగ్గాయి కనుక రెండింటి అవసరమూ తీరిపోయింది. ఇందులో పూర్తిగా అబద్ధమనదగ్గది ఏదీ లేదు. కాకపోతే ఈ కథ కరెంటు ఎంత తక్కువైందన్నదే లెక్కలోకి తీసుకుంటుంది. కోత చెప్పి వచ్చేదా, చెప్పకుండా వచ్చేదా, ఎంతసేపు ఉండేది అన్నవి వదిలేస్తుంది. ఏ ఇంటివాళ్లు ఏ యంత్రం కొన్నారన్నది ఎక్కువగా వీటినిబట్టే తేలిందని నా అభిప్రాయం.

తొలి రోజుల సంగతి తెలిసిందే. మన పల్లెల్లోకి జనరేటర్ కోతల వల్ల రాలేదు. కరెంటు స్తంభాలు లేని ఊళ్లకు టూరింగ్ టాకీస్‌లు తమ ఆయిల్ ఇంజన్, డైనమో వెంట తెచ్చుకునేవి. పెళ్లి పందిళ్లకు, జాతరలకు అద్దె జనరేటర్లు తిరిగేవి. కరెంటు మాత్రం మెల్లగా, అంచెలంచెలుగా విస్తరించింది: హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం 1920లో, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో, రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో వచ్చాయి. 1985లో శ్రీరామ్ సంస్థ హోండాతో కలిసి పెట్టిన కంపెనీ మోసుకెళ్లగలిగే చిన్న జనరేటర్లను తయారు చేయడంతో క్లినిక్కులు, దుకాణాలు, కొన్ని ఇళ్లు వాటిని కొన్నాయి. తాడు లాగి పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక కిరోసిన్‌కు మార్చే రకాలు వాటిలో ఉండేవి.

అసలు తేల్చాల్సింది 1990ల చివరి నుంచి 2013 దాకా నడిచిన కాలం. ఇళ్లలో జనరేటర్ ఓడి ఇన్వర్టర్ గెలిచింది అప్పుడే. జనరేటర్ మోత, పొగ, ఇంధనం ఖర్చే దీనికి కారణమని చెబుతారు. అదే నిజమైతే దుకాణాలు కూడా దాన్ని అప్పుడే వదిలేయాలి. ఆ మోత, ఆ పొగ, ఆ ఖర్చు వాటికీ ఉన్నవే. కానీ బజారు వీధుల్లో దుకాణాల గడపల ముందు జనరేటర్లు చాలాకాలం మోగుతూనే ఉన్నాయి. షాపువాడికి కోత ఎంతసేపున్నా బేరం ఆగకూడదు, ఫ్రీజర్ ఆగకూడదు. ఇంటివాడికి కావలసింది వేరు. ఫలానా వేళకు పోయి ఫలానా వేళకు వస్తుందని తెలిసిన ఆ రెండు గంటలూ నాలుగు ఫ్యాన్లు, రెండు లైట్లు నడిస్తే చాలు. విద్యుత్ సంస్థలు ప్రాంతాలవారీగా కోత వేళలు ప్రకటించేవి, పత్రికలు అచ్చువేసేవి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లుంటాయి. నష్టాలు పోను, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగానికి కాస్త ఎక్కువ. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, 40 వాట్ల ట్యూబులైట్లు రెండు వేస్తే రెండున్నర, మూడు గంటలు వస్తుంది. మళ్లీ నిండడానికి పది గంటలదాకా పడుతుంది. పట్టణాల కోత పట్టికకు ఈ లెక్క చక్కగా సరిపోయింది.

బ్యాటరీలు మెరుగుపడ్డాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ట్యూబులర్ బ్యాటరీలు, సైన్ వేవ్ ఇన్వర్టర్లు వచ్చాక ఫ్యాన్ల గుర్రు తగ్గింది, బ్యాటరీ మన్నిక పెరిగింది. తిరుపతి దగ్గర కరకంబాడి నుంచి అమరరాజా వంటి సంస్థ ఎదగడమూ ఆ కాలపు సంగతే. అపార్ట్‌మెంట్ల పాత్ర కూడా కొట్టిపారేయలేం. సెల్లార్‌లోని డీజిల్ జనరేటర్ లిఫ్టుకు, నీళ్ల మోటారుకు వంతు పడ్డాక ఫ్లాట్‌లో మిగిలింది ఫ్యానూ లైటే. అయితే ఇవన్నీ ఇన్వర్టర్‌కు తోడ్పడ్డాయే తప్ప దాన్ని తెచ్చినవి కావు. పట్టిక చెదిరిన చోట అదే ఇన్వర్టర్ చేతులెత్తేసింది.

దానికి సాక్ష్యం 2012, 2013 సంవత్సరాలే. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గి గ్యాస్ ప్లాంట్లు పడకేశాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలినా దక్షిణ గ్రిడ్ నిలిచింది, ఎందుకంటే అది వాటితో సింక్రనస్‌గా కలిసి లేదు. ఆ విడితనమే బయటి నుంచి కావలసినంత కరెంటు తెచ్చుకోనివ్వలేదు. రాయచూర్–షోలాపూర్ లైనుతో గ్రిడ్ కలిసింది 2013 డిసెంబర్ 31న. ఈలోగా హైదరాబాద్‌కు తక్కువ, జిల్లా కేంద్రాలకు ఇంకాస్త, మున్సిపల్ పట్టణాలకు అంతకంటే, పల్లెలకు అన్నిటికంటే ఎక్కువ కోత పడింది. పైగా చెప్పకుండా తీసే అత్యవసర కోతలు. బ్యాటరీ నిండేలోపే కరెంటు మళ్లీ పోయేది. హైదరాబాద్‌లో పనిచేసిన ఇన్వర్టరే మండల కేంద్రంలో బీప్ కొట్టి ఆగిపోయింది. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక యూనిట్ తిరిగివ్వడానికి ఈ యంత్రం దాదాపు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. కోత ముగిసిన మరుక్షణం పట్టణంలోని బ్యాటరీలన్నీ ఒక్కసారి ఛార్జింగ్‌కు దిగేవి. ఆ అదనపు భారమూ అదే గ్రిడ్ మీద పడింది. కొనలేనివాడి కోతలో కొన్నవాడి ఛార్జింగ్‌కూ కొంత పాలుందని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు జరుగుతున్న కొనుగోళ్లు చూస్తే ఈ అనుభవమంతా వృథా అయినట్టే ఉంది. ఎక్కడైనా ఎన్ని వీఏ, ఎన్నేళ్ల వారంటీ అన్న ప్రశ్నలే. మీ ఊళ్లో కరెంటు ఎలా పోతుందని షాపులో అడిగేవాడు అరుదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు లేకుండా రోజులకు రోజులు గడిచాయి. ఇన్వర్టర్లు తొలి రాత్రికే చల్లబడ్డాయి. తీరప్రాంతానికి అరుదుగా వచ్చి రోజుల తరబడి ఉండే కోతే అసలు ముప్పు. అక్కడ చిన్న జనరేటరే సరైన సరుకు. దాన్ని ఆరుబయటే నడపాలి, మూసిన గదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కు తగిలిస్తే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు వెనక నుంచి కరెంటు కొడుతుంది. 2023 జులై 1 నుంచి కొత్త జనరేటర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి, అది మంచిదే. చేంజ్ ఓవర్ స్విచ్ గురించి కూడా అమ్మకందార్లు అంతే గట్టిగా చెబితే బాగుండును.

ఇంటి పైకప్పు సోలార్ మీద నాకున్న అభ్యంతరం ఇలాంటిదే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తోంది. బిల్లు తగ్గించుకోవడానికి అది మంచి మార్గం. కానీ ఆన్‌గ్రిడ్ సోలార్, లైన్‌మన్ భద్రత కోసమే, గ్రిడ్ పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కరెంటు పోయినా ఇబ్బంది ఉండదన్న నమ్మకంతో దాన్ని పెట్టించుకుంటున్న కుటుంబాలకు, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ లేకపోతే ఆ నమ్మకం నిలవదని సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి.